కాలం జల్లెడ పట్టదు

మంచి కవిత్వం ఎక్కడున్నా దానంతట అదే వెలుగులోకి వస్తుందనీ, రానిది మంచి కవిత్వం కాదనీ, ఈ తీర్పు చెప్పేది కాలమనే మహావిమర్శకుడనీ మన సాహిత్యసభల్లో తరచు వినబడుతున్నది. ఈ మాట అనేవాళ్లలో సంప్రదాయవాదులు మాత్రమే ఉంటే నాకు పేచీ లేదు. వాళ్లకు కాలమూ, కర్మమూ, పూర్వజన్మ సుకృతమూ అన్నీ ఒక్క పద్దులోనే ఉంటాయి. చరిత్రను మనుషులే నిర్మిస్తారని పగలు క్లాసులో పాఠం చెప్పి, సాయంత్రం సభకు వచ్చి కవిత్వచరిత్రను మాత్రం కాలానికి ఒప్పజెప్పే అభ్యుదయ మిత్రులతోనే నా పేచీ అంతా.

కాలానికి చేతులు లేవు. జల్లెడ పట్టేది మనుషులు. పత్రికా సంపాదకుడు, అచ్చు వేసేవాడు, అమ్మేవాడు, గ్రంథాలయాలకు పుస్తకాలు ఎంపికచేసే సంఘం, పాఠ్యప్రణాళికా సంఘం, బహుమతుల కమిటీ, చివరకు క్లాసులో నిలబడి ఏ కవి పేరు చెప్పాలో ఏ కవి పేరు మింగాలో నిర్ణయించుకునే లెక్చరరు - వీళ్లందరూ తలో పక్కా పట్టుకున్న జల్లెడ అది. దాని కన్నాలు ఎంత ఉండాలో వాళ్లే నిర్ణయిస్తారు. ఇరవయ్యేళ్ల తరవాత కింద రాలిపోయినవాళ్లను చూపించి, "చూశారా, కాలానికి నిలవలేదు" అంటారు. ఇంతకంటె సుఖమైన సిద్ధాంతం మరొకటి లేదు. చదవవలసిన శ్రమ తప్పుతుంది, చదవలేదన్న నిందా తప్పుతుంది.

ఈ వాదాన్ని పరీక్షించడానికి మన దగ్గరే ఒక గట్టి సాక్ష్యం ఉన్నది. ముడుంబై వెంకట రాఘవాచార్యులు గారు ఒకప్పుడు నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమన్నారు. అనగా సున్న అని. ఆయనను తెలంగాణ ద్వేషి అని తిట్టి ఊరుకోవడం తేలిక. మనవాళ్లు చాలామంది చేసేది అదే. కాని ఒక్క క్షణం ఆయన కూర్చున్న చోటునుంచి చూడండి. మద్రాసులోనో బెజవాడలోనో రాజమండ్రిలోనో అచ్చయిన పుస్తకాలు, అక్కడి పత్రికల్లో వచ్చిన పద్యాలు - కవి ఉన్నాడనడానికి ఇవే రుజువులనుకున్నవాడికి నిజాం రాజ్యంలోని తెలుగు ఎట్లా కనబడుతుంది? ఇక్కడ కచ్చేరీ భాష ఉర్దూ. ఉస్మానియాలో చదువు ఉర్దూ. నలుగురు కూడి సభ పెట్టుకోవాలంటే గస్తీ నిషాన్ తిర్పన్ అనే హుకుం అడ్డం. గ్రంథాలయం పెట్టినా అనుమానమే. మా నల్లగొండలోనే 1922లో షబ్నవీసు వెంకట రామ నరసింహారావు గారు నీలగిరి పత్రిక పెట్టారు. అట్లాంటి పత్రిక నడపడమే ఒక పోరాటం. కాబట్టి ఆ సున్న ఒక వ్యక్తి దుర్బుద్ధిలోనుంచి పుట్టిందని నేను అనుకోను. అచ్చుయంత్రం ఉన్నచోటే కవి ఉంటాడనే నమ్మకంలోనుంచి పుట్టింది. ఆ నమ్మకానికి మరో పేరే కాలం జల్లెడ పడుతుందనే సిద్ధాంతం.

సురవరం ప్రతాపరెడ్డి గారు దీనికి జవాబుగా ఒక ఘాటైన వ్యాసం రాసి చేతులు దులుపుకోలేదు. 1926లో మొదలైన గోలకొండ పత్రిక ఆయన చేతిలో ఉన్నది. ఆ పత్రిక మూలంగా ఊళ్లలోని కవులను కదిలించి, వాళ్ల వివరాలూ పద్యాలూ తెప్పించి, 1934లో గోలకొండ కవుల సంచిక వేశారు. అందులో 354 మంది కవులున్నారు. పూజ్యమంటే సున్న అని ఒక అర్థం, పూజింపదగినదని మరొక అర్థం. మొదటి అర్థంలో విసిరిన మాటను రెండో అర్థంలోకి తిప్పికొట్టినట్టయింది.

"354 మందిలో నిజంగా మంచి కవులు ఎందరండీ?" అని అడిగేవాళ్లున్నారు. అడగవలసిన ప్రశ్నే. కాని అది రెండో ప్రశ్న. ముందు పంట కల్లానికి రావాలి. తూర్పార పట్టడం ఆ తరవాత. కల్లానికే రాని పంటలో తాలు ఎంత, గింజ ఎంత అని తేల్చేవాడు విమర్శకుడు కాడు, జ్యోతిష్కుడు. ప్రతాపరెడ్డి గారు చేసింది కల్లం చేయడం. ఆ కల్లానికీ హద్దులున్నాయి మరి. పత్రిక చేరిన ఊరికి కబురు చేరింది. చేరని ఊరి కవి అందులోకి ఎట్లా వస్తాడు? అక్షరం రాని గొల్లసుద్దుల వాడూ, కల్లుమండువ దగ్గర తత్వాలు కట్టి పాడినవాడూ ఆ లెక్కలోకి వచ్చే వీలు తక్కువ. కవయిత్రులు బహు కొద్దిమంది. సంచిక గొప్పతనం ఒప్పుకుంటూనే ఈ మాట చెప్పవచ్చు. చెప్పకపోతే ఆ పని అక్కడితో పూర్తయిందనుకుంటాం.

అట్లాగే అనుకున్నాం కూడా. ఇవాళ తెలంగాణలో 354 అనే అంకె తెలియని చదువుకున్నవాడు లేడు. పోటీపరీక్షలకు కూర్చునే ప్రతి కుర్రవాడికీ అది కంఠతా వచ్చు. నాలుగు జవాబుల్లో ఒకదానికి గుండ్రం చుట్టి ముందుకు పోతాడు. ఉపన్యాసకులు ఆ అంకెను ఎత్తి పట్టుకొని చప్పట్లు కొట్టించుకుంటారు. సరే. ఆ 354 మందిలో పదిమంది పేర్లు చెప్పమనండి. అయిదుగురి పద్యాలు చదివి, ఇదీ ఇందులో విశేషం అని విప్పి చెప్పమనండి. సభ మౌనం వహిస్తుంది. కవులు లేరన్నవారికి జవాబుగా తయారైన పుస్తకాన్ని మనం ఒక అంకెగా మార్చి పూజిస్తున్నాం. పూజ్యమనే మాట రెండు అర్థాలూ ఇప్పుడు ఒకేసారి నిజమయ్యాయి!

సంచిక వచ్చిన మరుసటి ఏడే, 1935లో, ముద్దుకృష్ణ గారి 'వైతాళికులు' వచ్చింది. మంచి సంకలనం. దాన్ని తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. నవ్యకవిత్వమంటే ఏమిటో కొన్ని తరాల విద్యార్థులకు అది నేర్పింది. దాని ఊసు లేకుండా తెలుగు ఎం.ఏ. పూర్తి కాదు. సంచిక మాత్రం దశాబ్దాలపాటు పాత గ్రంథాలయాల అలమరల్లో ఉండిపోయి, తెలంగాణ ఉద్యమకాలంలో గాని మళ్లీ నలుగురి చేతుల్లోకి రాలేదు. పద్యాల నాణ్యంలోని తేడావల్లనే ఇట్లా జరిగిందని ఎవరైనా వాదించవచ్చు. వాదించేముందు రెండూ పక్కపక్కన పెట్టుకొని చదివారా అని నేను అడుగుతాను. ఒక పుస్తకం చుట్టూ పునర్ముద్రణలూ, పాఠ్యక్రమమూ, వ్యాఖ్యానాలూ పేరుకున్నాయి. రెండోదాని చుట్టూ దుమ్ము పేరుకున్నది. ఈ తేడా చేసింది కాలమా?

నేను మేళ్లచెరువు వాణ్ణి. శివరాత్రికి శంభులింగేశ్వరస్వామి జాతర, ఎడ్ల పందేలు. మిగతా సంవత్సరమంతా సున్నపురాయి గనులు, సిమెంటు లారీలు. దక్షిణాన కృష్ణ దాటితే పల్నాడు. తూర్పున జగ్గయ్యపేట. మేము మాట్లాడితే హైదరాబాదు మిత్రులకు ఆంధ్ర యాసగా వినబడుతుంది, ఏటి అవతలి చుట్టాలకు తెలంగాణ యాసగా వినబడుతుంది. ఈ చిక్కు మాటతో ఆగదు. ప్రాంతాల వారీగా సంకలనాలు కూర్చేవాళ్లు కూడా మా సరిహద్దు మనిషిని చూసి, "అతను అటువైపు వాడేమో" అనుకొని వదిలేస్తారు. అటువైపు వాళ్లూ అట్లాగే వదిలేస్తారు. దేశపటంలో గీత గీసినచోట సిరా కొంచెం ఎక్కువ పడుతుంది, అక్కడి ఊళ్ల పేర్లు కనబడవు.

మా పొరుగున హుజూర్‌నగర్ ఉన్నది. 1952లో ఆ నియోజకవర్గం ఒక కవిని శాసనసభకు పంపింది. ఆయన మఖ్దూం మొహియుద్దీన్. తెలుగు పల్లెల రైతుకూలీలు ఓట్లు వేసి గెలిపించిన ఉర్దూ కవి! ఇట్లాంటి సంఘటన ప్రపంచసాహిత్యచరిత్రలో ఎన్నిచోట్ల దొరుకుతుందో చెప్పండి. మరి ఆయన కవితాసంపుటాల పేర్లు చెప్పగల తెలుగు విద్యార్థి హుజూర్‌నగర్, కోదాడ, మిర్యాలగూడెం కాలేజీల్లో ఎందరున్నారు? పాకిస్తాన్ కవి ఫైజ్ అహ్మద్ ఫైజ్ ఆయన స్మృతిలో గజళ్లు రాశాడు. 1982లో వచ్చిన 'బజార్' అనే హిందీ సినిమాలో ఆయన గజల్‌ను పాటగా పెట్టుకున్నారు. దేశం అవతల ఆయనను గుర్తుపెట్టుకున్నారు, బొంబాయిలో గుర్తుపెట్టుకున్నారు. ఆయనకు ఓటు వేసిన తాతల మనవళ్లకు మాత్రం ఆయన పేరు ట్యాంక్‌బండ్ మీది ఒక విగ్రహం పేరు. "ఉర్దూ గదా, అది మన శాఖ పని కాదు" అంటారు మన తెలుగు శాఖలవాళ్లు. నిజాం కచ్చేరీ ఉర్దూకూ, మఖ్దూం ఉర్దూకూ మధ్య తేడా తెలుసుకోవడం ఏ శాఖ పనో వాళ్లే చెప్పాలి.

అసలు సంపుటి అనేదాన్ని ఎందుకు చదవాలో ఇక్కడ చెప్పవలసి ఉన్నది. పాఠ్యపుస్తకం ఒక కవినుంచి ఒక ఖండిక ఏరి ఇస్తుంది. అది గుర్తింపు కార్డు మీది ఫోటో వంటిది. మనిషి ఫలానా అని తెలుస్తుంది, మనిషి తెలియడు. మఖ్దూం మొదటి సంపుటి 'సుర్ఖ్ సవేరా' 1944లో వచ్చింది. ఎర్రని ఉదయమని దాని పేరే చెబుతుంది. రెండోది 'గుల్-ఎ-తర్' 1961లో గాని రాలేదు. ఆ రెంటి మధ్య పదిహేడేళ్లున్నాయి. ఆ పదిహేడేళ్లలో సాయుధపోరాటం ఉన్నది, అజ్ఞాతవాసం ఉన్నది, జైలు ఉన్నది, 1951లో పోరాట విరమణ ఉన్నది, ఎన్నికలున్నాయి. మొదటి సంపుటిలో పిడికిలి బిగించిన మనిషి రెండో సంపుటికి వచ్చేసరికి గజల్ చేతపట్టాడు. పేరు కూడా తడిసిన పువ్వు అని పెట్టుకున్నాడు. ఇది వెనకంజ వేయడమా, లోతుకు పోవడమా? ఈ ప్రశ్న మీద రెండు గంటలు క్లాసులో కొట్లాడుకోవచ్చు. 1966లో వచ్చిన 'బిసాతె రఖ్స్' కూడా ఎదురుగా పెట్టుకుంటే ఆ కొట్లాట ఇంకా రుచిగా ఉంటుంది. ఎర్రజెండా కవి అని ఒక్క విశేషణం తగిలించి, ఒక్క ఖండిక బట్టీ పట్టించిన చోట ఈ ప్రశ్నే పుట్టదు. ప్రశ్న పుట్టని చోట ప్రశంస ఎంత పెద్దగా వినబడినా, అది ఆ కవిని పరిచయం చేయదు.

మా విద్యార్థుల్లో గనుల్లో పనిచేసేవాళ్ల పిల్లలున్నారు, పత్తి, మిరప వేసే కౌలురైతుల పిల్లలున్నారు. పాఠ్యపుస్తకం కాక ఒక కవితాసంపుటిని మొదటి పుటనుంచి చివరి పుటదాకా చదివినవాళ్లెవరని ఒక రోజు క్లాసులో అడిగాను. ఒక్క అమ్మాయి చెయ్యి ఎత్తింది. అది వాళ్ల మామయ్య సొంతంగా అచ్చు వేయించి చుట్టాలందరికీ పంచిన పుస్తకమట. "బాగుందా?" అన్నాను. "మా మామయ్యది గదా సార్, బాగలేదని ఎట్లా అంటాం?" అన్నది. తెలుగు సాహిత్యవిమర్శ ఇవాళ ఉన్న స్థితిని ఇంత క్లుప్తంగా నేను ఎక్కడా చదవలేదు.

ఎందుకంటే మన పీఠికలన్నీ మామయ్య పుస్తకాలకు రాసినట్టే ఉన్నాయి. కవి మూడువందలో అయిదువందలో కాపీలు అప్పుచేసి వేయించుకుంటాడు. ముగ్గురు పెద్దల చేత ముందుమాటలు రాయించుకుంటాడు. ఆవిష్కరణ సభలో శాలువాలు మారుతాయి. వేదికమీద ఉన్నవాళ్లలో సగంమంది పుస్తకాన్ని మొదటిసారి చూసేది దాని రిబ్బను విప్పినప్పుడే. మర్నాడు పత్రికలో ఫోటో వస్తుంది. ఆ తరవాత కాపీల కట్టలు ఇంట్లో మంచం కింద చేరుతాయి. రెండేళ్లకు భార్య విసుక్కుంటుంది. ఈ తతంగంలో కవిని కనుగొన్నదెవరు? ముందుమాటల్లో "అక్షరాలను నిప్పుకణికలు చేసిన", "మట్టి పరిమళం గుబాళించిన" అనే మాటలు ఉంటాయి. వాటిలో కవి పేరు మార్చి మరొక పుస్తకానికి పెట్టినా ఎవరూ గుర్తుపట్టరు. పొగడ్త అంత చవక అయినచోట నిజంగా బాగా రాసినవాడికే నష్టం. అతనికి ఇవ్వడానికి మన దగ్గర వేరే మాట మిగలలేదు.

దీనికి ఎదురుగా ఒక పాత ఉదాహరణ చెబుతాను. శ్రీశ్రీ గారి మహాప్రస్థానానికి చలం రాసిన 'యోగ్యతాపత్రం' 1940 నాటిది. పుస్తకం అచ్చయింది 1950లో. ముందుమాట పదేళ్లు పుస్తకం కోసం కాచుకొని కూర్చున్నది! 1930 దశకంలో ఎక్కువభాగం రాసిన గీతాలు, తెలుగు కవిత్వాన్ని మలుపు తిప్పాయని ఇవాళ అందరూ ఒప్పుకునే గీతాలు, సంపుటిగా రావడానికి అంత కాలం పట్టింది. ఆ పదేళ్లూ వాటిని బతికించింది కాలం కాదు. పత్రికల్లో చూసి నోటుపుస్తకాల్లో ఎత్తి రాసుకున్న విద్యార్థులు, నోట పట్టి సభల్లో చదివిన కుర్రవాళ్లు. అంతటి శ్రీశ్రీకే ఈ చాకిరీ కావలసివచ్చిందంటే, మేళ్లచెరువు గనిలో పనిచేసేవాడి కవిత్వం దానంతట అదే వెలుగులోకి వస్తుందని చెప్పేవాడికి సిగ్గు ఉండవద్దా?

చాకిరీ అన్నాను గనుక వట్టికోట ఆళ్వారుస్వామి గారి పేరు చెప్పక తప్పదు. 1915లో మా నల్లగొండ జిల్లాలోనే పుట్టినవాడు. బడి చదువు దక్కలేదు. ఒకరింట వంట చేసిపెడుతూ అక్షరాలు నేర్చుకున్నాడు. హోటలులో సర్వరుగా ఉన్నాడు. తరవాత గోలకొండ పత్రికలో ప్రూఫులు దిద్దాడు. 1938లో దేశోద్ధారక గ్రంథమాల పెట్టి పుస్తకాలు వేశాడు. వేయడమొక్కటే కాదు, సంచీ భుజాన వేసుకొని ఊళ్లు తిరిగి అమ్మాడు. ప్రచురణకర్త, రవాణాదారు, అమ్మకందారు, చదివి వినిపించేవాడు, అన్నీ ఆయనే. మనం ఆయనను నవలాకారుడుగా పాఠం చెబుతాం, చెప్పవలసిందే. కాని తెలంగాణ కవిత్వానికి ఆయన చేసిన ఉపకారం నవల రాసినదానికంటె చిన్నది కాదు. నిజామాబాదు జైలులో దాశరథి గోడలమీద బొగ్గుతో పద్యాలు రాస్తుంటే పక్కన ఉండి విన్న మొదటి పాఠకుడు ఆయనే. 1949లో 'అగ్నిధార' వచ్చినప్పుడు దాశరథి దాన్ని ఆళ్వారుస్వామికే అంకితం ఇచ్చాడు. రాజులకూ జమీందారులకూ కృతులిచ్చిన దేశంలో ఒక కవి తన మొదటి సంపుటిని పుస్తకాల సంచీ మోసినవాడికి ఇచ్చాడు. విమర్శకులు ఈ అంకితం మీద ఒక్క వ్యాసమైనా సరిగ్గా రాసి ఉండవలసింది.

ఇంతవరకు పరాయివాళ్లను, సగం పరాయివాళ్లను అన్నాను. ఇక మన ఇంటి సంగతి.

అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో పుట్టింది. కవిత్వాన్ని ప్రజల దగ్గరికి తీసుకుపోవాలన్నది ఆ రోజునుంచీ మన నినాదం. తీసుకుపోయినమాట నిజమే, తెచ్చినమాట ఏమిటి? తెలంగాణ పోరాటంలో పాట కట్టని పల్లె లేదని మనమే గర్వంగా చెబుతాం. కట్టినవాళ్లు ఎవరు? సుద్దాల హనుమంతు పేరు నిలిచింది. కొంతవరకు ఆయన పాటల బలంవల్ల, కొంతవరకు కొడుకు సినిమా పాటల రచయితగా ప్రసిద్ధుడు కావడంవల్ల. యాదగిరి సంగతి చూడండి. దళాల్లో తిరిగిన ఆ మనిషి కట్టిన పాట 1980లో విడుదలైన 'మా భూమి' సినిమాలో గద్దర్ గొంతున దేశమంతా వినబడింది. ఇవాళ వందమందిని అడిగితే తొంభైమంది అది గద్దర్ పాట అంటారని నా అనుభవం. తప్పు గద్దర్‌ది కాదు, సినిమాది కాదు. "పాటకు కర్త ప్రజలే" అనే మన అందమైన వాక్యానిది. మధ్యతరగతి కవి ఒక గేయం రాస్తే దాని కింద ఇంటిపేరుతో సహా పేరు వేస్తాం, తేదీ వేస్తాం, పాఠభేదాలు చర్చిస్తాం. కూలివాడు పాట కడితే అది ప్రజలది అవుతుంది. ఆస్తిహక్కు మీద మనకున్న కోపమంతా పేదవాడి పేరు మీదనే చూపించాలా? బిరుదురాజు రామరాజు గారు జానపద గేయాలమీద పరిశోధన చేసి శాస్త్రంగా నిలబెట్టారు. ఆయన వేసిన దారి ఉన్నది. పోరాటపు పాటలను ఆ శ్రద్ధతో, కర్తల పేర్లతో, ఊళ్ల పేర్లతో, ఎవరు ఎక్కడ ఏ చరణం కలిపారో గుర్తించి వేసిన సమగ్రసంపుటి ఇవాళ ప్రతి కాలేజీ గ్రంథాలయంలో ఉండవలసింది. మా కాలేజీలో నాకు అట్లాంటిది కనబడలేదు.

దీని తరవాతి అధ్యాయం ఇంకా ఇబ్బందికరమైనది. 1993లో స్త్రీవాద కవితల సంకలనం 'నీలిమేఘాలు' ఓల్గా సంపాదకత్వంలో వచ్చింది. 1995లో దళిత కవిత్వం 'చిక్కనవుతున్న పాట' వచ్చింది. 1998లో మా నల్లగొండకు చెందిన స్కైబాబ ముస్లింవాద కవితలను 'జల్జలా' పేరుతో తెచ్చాడు. 2003లో గోగు శ్యామల దళిత స్త్రీల సాహిత్యాన్ని 'నల్లపొద్దు'గా కూర్చింది. ప్రతి సంకలనమూ గోలకొండ కవుల సంచిక చేసిన పనినే చేసింది: లేరన్నచోట ఉన్నామని చూపింది. కాని ఈసారి లేరన్నది ఎవరు? మద్రాసు పండితులు కాదు. అభ్యుదయ, విప్లవ వేదికలమీద యాభై ఏళ్లుగా కూర్చున్నవాళ్లం. నోటితో అనకపోవచ్చు, మన సంకలనాల విషయసూచికలే ఆ మాట అన్నాయి. ఆ పుస్తకాలు వచ్చినప్పుడు "ఇది ఉద్యమాన్ని చీల్చడం" అన్నవాళ్లు మనలోనే ఉన్నారు. చీలిక పుట్టించింది సంకలనం కాదు. అంతకుముందే ఉన్న చీలికను అచ్చులో చూపింది. వాటిలోని ప్రతి కవితా గొప్పదని నేను అనను. కొన్నిటిలో నినాదం కవితను మింగింది. ఆ మాట అనడానికి నాకు హక్కు వచ్చింది అవి అచ్చులో నా చేతికి అందాయి గనుకనే.

మళ్లీ కల్లం సంగతికి వస్తాను. ఇవాళ కవులకు కొదవ లేదు. ఫోనులో ప్రతి ఉదయం పది కవితలు వచ్చిపడుతున్నాయి, కాబట్టి మరుగునపడటమనే మాటే పాతబడింది అని ఒక కొత్త వాదం బయల్దేరింది. పది వస్తున్నమాట నిజం. సాయంత్రానికి ఆ పదీ పైకి జరిగి పోతున్నమాట కూడా నిజం. పుస్తకానికి ఒక అలమర ఉంటుంది, ఒక నంబరు ఉంటుంది, ఏడేళ్ల తరవాత ఒక అపరిచితుడు దాన్ని వెతికి తీసే వీలుంటుంది. అందుకే గ్రంథాలయం. 1960 నాటి గ్రంథాలయాల చట్టం ప్రకారం ఆస్తిపన్నులో రూపాయికి ఎనిమిది పైసల చొప్పున సెస్సు వసూలవుతున్నది. మా ఊరి పెంకుటింటివాడూ కడుతున్నాడు, హైదరాబాదు మేడవాడూ కడుతున్నాడు. వసూలైనది గ్రంథాలయ సంస్థలకు సరిగ్గా చేరడం లేదని ఆ ఉద్యమంలో ఉన్నవాళ్లు ఏళ్లతరబడి మొత్తుకుంటున్నారు. చేరినచోట కూడా పఠనమందిరాల్లో కొత్తగా కనబడేవి పోటీపరీక్షల గైడులే. పిల్లలకు ఉద్యోగాలు కావాలి. గైడులు ఉండవద్దని నేను అనను. కాని కవితాసంపుటాలు కొనరాదని ఎవరు తీర్మానించారు? కవి తానే నాలుగు కాపీలు ఉచితంగా ఇచ్చిపోతే, "రిజిస్టరులో ఎక్కించాలంటే పైనుంచి అనుమతి కావాలి" అని తిప్పి పంపిన చోటు నాకు తెలుసు. ఆ కవి ఆ నాలుగు కాపీలూ బస్టాండులో టీకొట్టు బల్లమీద పెట్టి వచ్చాడు. అక్కడైనా ఎవరో ఒకరు చదువుతారని.

మన సంఘం శాఖలకూ, తెలుగు అధ్యాపకులకూ నేను అడిగేది పెద్దదేమీ కాదు. ఒక్కొక్క కాలేజీ తన చుట్టూ ఉన్న ఒక్క మండలాన్ని తీసుకోవాలి. ఉన్న కవులను, పోయిన కవులను, అచ్చయినవాళ్లను, నోటుబుక్కుల్లో ఉన్నవాళ్లను, నోటిలో మాత్రమే ఉన్నవాళ్లను లెక్క రాయాలి. తెలుగులో రాసినా ఉర్దూలో రాసినా లంబాడీ భాషలో పాడినా రాయాలి. తరవాత చదవాలి. చదివి, ఏది నిలబడుతుందో ఏది పడిపోతుందో కారణంతో సహా చెప్పాలి. శాలువా కప్పరాదు. ప్రతాపరెడ్డి గారికి వారానికి రెండుసార్లు వచ్చే ఒక పత్రిక ఉన్నది. మనకు ప్రతి ఊళ్లో విద్యార్థి ఉన్నాడు.

పోయిన ఏడాది మా విద్యార్థులు కొందరు మేళ్లచెరువు చుట్టుపక్కల తిరిగి ఆరు నోటుబుక్కులు తెచ్చారు. రెండు పూర్తిగా శ్రీశ్రీకి నకళ్లు. ఒకటి దేవుడి మీద శతకం. ఛందస్సు నిర్దుష్టం, లోపల ఏమీ లేదు. ఒకటి మిరపకాయలు ఏరే ఒక పెద్దామె పాటలు, మనవరాలు విని రాసుకున్నవి. వాటిలో మూడు పాటలు ఆ చేతులు మండినవాళ్లు తప్ప మరొకరు కట్టలేనివి. అయిదోది చదవరాలేదు, అక్షరాలు అలుక్కుపోయాయి. ఆరోది సిమెంటు బస్తాలు మోసే హమాలీది, నలభై కవితలు. అందులో ఒకటి గనిలో మందు పేల్చే వేళ గురించి. సైరన్ మోగగానే అతని తల్లి అన్నం గిన్నెమీద మూత పెడుతుంది. పేలుడు అయిపోయాక మూతమీది దుమ్మును వేలితో రాసి చూస్తుంది. అంతే కవిత. నిరసన అన్న మాట లేదు, శ్రమ అన్న మాట లేదు, మట్టి పరిమళం అసలే లేదు. ఇన్నేళ్లుగా ఈ గనుల పక్కన బతుకుతున్న నాకు ఆ మూత అంతకుముందు కనబడలేదు.

ఆయన నన్ను వెతుక్కుంటూ కాలేజీకి వచ్చాడు. "పుస్తకం ఏద్దామనుకుంటున్నా సారూ, ముందుమాట ఎవరితోటి రాయిద్దాం?" అని అడిగాడు. ముందుమాట సంగతి తరవాత, ముందు పద్నాలుగు కవితలు తీసేయాలని చెప్పి, ఏవేవో ఎందుకో పెన్సిలుతో గుర్తులు పెట్టి ఇచ్చాను. మొహం ఎర్రగా చేసుకొని, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఇరవై రోజులకు మళ్లీ వచ్చాడు. పదకొండు కొట్టేసి తెచ్చాడు. మిగిలిన మూడింటి విషయంలో మా ఇద్దరికీ తగాదా ఇంకా నడుస్తున్నది.